పొంగని రాయి

నా రాళ్ళమ్మకు,

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాటను అలవాటుకొద్దీ రాసి కిందికి దిగిపోవడం లేదు. ఇంట్లో ఒక్కొక్కరినీ చూసుకుని మరీ రాస్తున్నాను. అత్తయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురింటి మేడమీద ఆరేసిన బట్టల్లో ఏది ఎవరిదో తేలుస్తున్నారు. మన వసపిట్ట బడి పుస్తకాలు పక్కన పడేసి, నేలమీద బోర్లా పడుకుని నీకు వేరే ఉత్తరం రాస్తోంది. నేను అటు తిరిగితే చాలు, మోచేత్తో కప్పేసుకుంటోంది. నేను అక్వేరియం పక్కన కూర్చున్నాను. నువ్వు కూడా ఆ ఎండలో, ఆ దుమ్ములో, నీ సుత్తితోనూ నీ సంచులతోనూ క్షేమంగానే ఉన్నావని నమ్ముతాను.

నీ ఉత్తరాన్ని సరుకుల బండి డ్రైవరు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. మీ క్యాంపుకు ఫోను అందదు గనుక మనకు అతడే ఫోను. "జవాబు తప్పకుండా పట్టుకురమ్మన్నారండీ మేడంగారు. వచ్చేవారం మళ్ళీ బండి తీస్తాం," అని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. అంత తొందర ఎందుకో చివరి పేరా చదివాక అర్థమైంది. రాళ్ళ సర్వే పని ఇంకో రెండేళ్ళు సాగుతుంది, ఉంటావా, ఇంటికి వెళ్తావా అని పైవాళ్ళు నిన్ను అడుగుతున్నారు. నువ్వు నన్ను రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ 'నీ ఇష్టం' అని రాశాను. ఈసారి నువ్వు ఊరుకోలేదు. "మళ్ళీ నీ ఇష్టం అని రాశావంటే, నేనుండటమే నీకు ఇష్టమనుకుని సంతకం పెట్టేస్తాను," అన్నావు. ఆ వాక్యం కింద గీసిన గీతకు కాగితం చిరిగినంత పనైంది.

ఆ జవాబుకు వస్తాను. ముందు మిగతా ప్రశ్నల సంగతి చూడనివ్వు. నీళ్ళలోకి దిగేముందు పాదంతో తడిమి చూసుకునే మనిషినని నీకు తెలియనిది కాదు.

మీ అమ్మగారి మోకాలు. నొప్పి తగ్గింది, నడక మాత్రం సాగడం లేదు. వీధి చివరిదాకా వెళ్ళి రమ్మని డాక్టరు చెప్పిన మాటను నేను రోజూ గుర్తుచేస్తాను. ఆవిడ రోజూ ఏదో ఒక సమాధానం సిద్ధంగా ఉంచుకుంటారు. మొన్న ఏమన్నారంటే:

"ఏమయ్యా అల్లుడూ, నీ చేపలు పొద్దస్తమానం ఈ మూలనుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంటాయి కదా. వాటి మోకాళ్ళు బాగుపడ్డాయా?"

"చేపలకు మోకాళ్ళు ఉండవండీ అత్తయ్యగారూ."

"అదే నేనూ చెప్పేది. తిరిగి తిరిగి అరగదీసుకున్నాయి."

ఆ పూటకు డాక్టరు మాట కట్టిపెట్టాను. అయినా నువ్వు రాశావని చెబితే కదులుతారేమో, నీ ఉత్తరంలోని ఆ భాగాన్ని రెండుసార్లు చదివి వినిపించాను. నిన్న గేటుదాకా వెళ్ళి వచ్చారు. ఈ లెక్కన వీధి చివరికి చేరడానికి కొంత కాలం పట్టవచ్చు.

వసపిట్ట చదువు గురించి అడిగావు. లెక్కలు బాగా చేస్తోంది. పాటలు పాడమంటే పాడదు, వద్దంటే ఆపదు. కాని నన్ను టీచరు పిలిపించారు. ఆవిడ చాలా మర్యాదస్తురాలు. కుర్చీ చూపించి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు:

"మీ పాప రాళ్ళు నాకుతోందండీ."

"ఎందుకని అడిగారా?"

"అడిగాను. తడిపితే అసలు రంగు తెలుస్తుందట. వాళ్ళమ్మ ఉద్యోగమే అదట." కుర్చీ ముందుకు జరుపుకుని, "నిజంగా అలాంటి ఉద్యోగం ఉందాండీ?" అన్నారు.

ఉందని చెప్పాను. నాకడం ఒక్కటే పని కాదనీ, సుత్తి, భూతద్దం, పటాలు కూడా ఉంటాయనీ వివరించాను. ఆవిడ మొహం చూస్తే నమ్మినట్టు లేదు. నువ్వు వచ్చినప్పుడు ఒకసారి కనిపించి వస్తే మన కుటుంబ గౌరవానికి మంచిది. ఈలోగా ఇంటిబయటి రాయి ఏదైనా కడగకుండా నోట పెట్టవద్దని ఒప్పందం చేసుకున్నాం. ఇప్పుడు జేబులో చిన్న నీళ్ళసీసా పెట్టుకుని తిరుగుతోంది.

ఇక నా పని. జనం ఇప్పటికీ అక్వేరియంలో రంగురాళ్ళు పోస్తున్నారా అని అడిగావు. పోస్తున్నారు. పోయకపోతే నాకు ఉద్యోగం ఏదీ? షాపు ముందుభాగంలో తొట్లు, దీపాలు, మేత అమ్ముతారు, వెనకగది నాది. చేపలు నీరసించినవాళ్ళు ఒక చేత్తో నీళ్ళసీసా, ఒక చేత్తో రాళ్ళసంచి పట్టుకుని వస్తారు. ఆసుపత్రి వరండాలో రోగుల బంధువులు కూర్చున్నట్టే బల్లమీద కూర్చుంటారు. అందరూ ముందుకు తోసేది నీళ్ళసీసానే. నేను సంచి అడుగుతాను.

రాయి ఉన్నచోట ఉంటుంది, దానికి ఏమీ పట్టదు అని జనం అనుకుంటారు. పలుగురాయి, నల్లరాయి, పలకరాయి విషయంలో ఆ మాట చాలావరకు నిజం. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉన్నా నీటికి తమవంతుగా ఏమీ ఇవ్వవు. సున్నపురాయి, పాలరాయి ముక్కలు, గవ్వలు, పగడాలు అలా కావు. నీళ్ళలో పులుపు పిసరంత ఉంటే చాలు, అవి కరగడం మొదలుపెట్టి, నీళ్ళలో సున్నం చేర్చి, కఠినజలం అంటారే, అలా గట్టిపరుస్తాయి, పీహెచ్‌ను పైకి లాగుతాయి. గట్టినీళ్ళ సరస్సుల్లో పుట్టిన చేపకు అది పుట్టిల్లు. చెట్లాకులు రాలి కుళ్ళిన మెత్తని ఏటినీళ్ళలో పుట్టిన చేపకు అదే ఊపిరాడని ఇల్లు. అందుకని నేను ఎవరితోనూ మీది చెడ్డరాయి అనను. ఈ చేపకు పడని రాయి అంటాను. సగంమంది మొహాలు ఆ ఒక్క మాటతో తేరుకుంటాయి. బంగారంలా తళతళలాడే రాళ్ళూ, పచ్చటి రాగిరాళ్ళూ మాత్రం ఏ చేపకూ పడవు, వాటిలోంచి లోహం నీళ్ళలోకి దిగుతుంది. వాటిని అల్మరాలో పెట్టుకుని చూసుకోమంటాను.

పరీక్ష గురించి నీకు చెప్పడం హాస్యాస్పదమే అయినా, తరువాత రాయబోయేదానికి అవసరం కనుక రాస్తున్నాను. రాయిమీద వెనిగర్ చుక్క వేస్తాం. బుడగలు వచ్చి పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. పొంగకపోతే అక్కడితో ఆగకూడదు. కొన్ని మొండిరాళ్ళు ఉంటాయి. వాటిని మేకుతో గీకి, రాలిన పొడిమీద యాసిడ్ వేస్తేగాని అసలు సంగతి బయటపెట్టవు. 'గీకని రాయి పరీక్షించిన రాయి కాదు' అని వెనకగది గోడమీద పెద్దక్షరాలతో రాసి అతికించింది ఎవరో తెలుసుగా. నేనే.

నీ నాలుగో ప్రశ్నకు రెండు కొమ్మలున్నాయి. డిస్కస్ చేపల జంటకు పిల్లలు పుట్టారా? నువ్వు చివరగా పంపిన రాయి పేరు కనిపెట్టావా? రెంటినీ నువ్వు ఒకే వాక్యంలో, మధ్యలో ఒక కామా పెట్టి రాశావు. అవి రెండూ ఒకే ప్రశ్న అని నీకు తెలియదు.

డిస్కస్ జంటను అత్తయ్యగారు 'మొగుడూపెళ్ళాలు' అంటారు. మెత్తనినీళ్ళ చేపలు, పళ్ళేల్లా గుండ్రంగా పెరిగారు ఇద్దరూ. పోయిన ఉత్తరంలో గుడ్లు పెట్టాయని సంబరంగా రాశాను. తరువాత ఏమైందో రాయలేదు. నిలబెట్టిన పలకరాయి మీద వరసలు వరసలుగా పెడుతుంది ఆడది. ఇద్దరూ వంతులు వేసుకుని రెక్కలతో విసురుతారు. ఒకరు మేతకు వెళ్తే రెండోవారు కదలరు. గుడ్లు పగిలి పిల్లలు బయటపడ్డాక తల్లిదండ్రుల ఒంటిమీది జిగురునే తిని పెరుగుతాయి. తండ్రి ఒంటిమీద తిన్నది చాలు అనుకుంటే అతడు ఒక్క కుదుపుతో అందరినీ తల్లివైపుకు తోలేస్తాడని, అది చూడటానికి రెండు కళ్ళూ చాలవని నేనే నీకు చెప్పాను. వసపిట్టకూ చెప్పాను. అది రోజూ బడినుంచి వస్తూనే సంచి భుజానే ఉంచుకుని అద్దానికి ముక్కు ఆనించేది.

గుడ్లు తెల్లబడిపోయాయి. మళ్ళీ పెట్టాయి, మళ్ళీ తెల్లబడ్డాయి. మూడోసారి అవి తెల్లబడ్డాక, వాటిని మొగుడూపెళ్ళాలే ఒక్కొక్కటిగా తినేశారు. అది ఆ జాతి స్వభావమే, తప్పు పట్టేదేమీ లేదు. కాని మన పిల్ల అద్దం దగ్గరే నిలబడి ఉంది.

"నాన్నా, వాటి పిల్లల్ని అవే తింటున్నాయి."

"పిల్లలు కావమ్మా. పాడైపోయిన గుడ్లు."

"ఎందుకు పాడయ్యాయి?"

"వాటికింకా అలవాటు లేదు. కొత్త కదా."

"మూడోసారి కూడా కొత్తేనా?"

అత్తయ్యగారు కళ్ళజోడు పైనుంచి నావైపు చూశారు. నేను మేతడబ్బా మూత గట్టిగా బిగించే పనిలో పడ్డాను. నీళ్ళ విషయంలో అప్పటిదాకా నేను ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు; మొదటిసారి చెప్పింది మన కూతురికి.

నిజం ఇది. వానలకు ముందు నువ్వు నాకో రాయి పంపావు. పాత తువ్వాలులో చుట్టి, డ్రైవరు చేతికిచ్చి. పేరు చెప్పకుండా నువ్వు రాయి పంపడం, పరీక్షించి నేను పేరు రాయడం మన ఆట కదా. ఇప్పటిదాకా వచ్చినవన్నీ నల్లరాళ్ళో పలుగురాళ్ళో. ఇది లేతగా, గుప్పిట్లో పట్టేంత ఉంది. "ఇన్నాళ్ళూ నా బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా కాసింది. లెక్కలు తెమలనప్పుడు దీన్ని పట్టుకునే కూర్చుంటాను. పేరు కనిపెట్టు చూద్దాం," అని రాశావు. ఒక పక్క నీ చేతి జిడ్డుకు నిగనిగలాడుతోంది.

వెనిగర్ చుక్క వేశాను. పొంగలేదు. మేకు అందుకున్నాను. రాయిమీద ఆనించాను కూడా. మళ్ళీ బల్లమీద పెట్టేశాను. గీత పడుతుందనిపించింది. నిగనిగలాడని రెండో పక్క గీకవచ్చుగా అని నువ్వు అడుగుతావు. అడుగు. షాపులో ఎవరైనా ఇలా చేసి ఉంటే ఆ గోడమీది కాగితం దగ్గర నిలబెట్టి చదివించేవాణ్ణి.

ఇంటికి తెచ్చి తొట్టి నడుమ పెట్టాను. ఎంత అందంగా ఉండేదో. మొగుడూపెళ్ళాలు దాని చుట్టూ తిరిగేవారు. వారం తిరగకముందే నీళ్ళ కాఠిన్యం పెరిగింది. మొదట నీళ్ళు కొలిచే మీటరును అనుమానించాను. షాపునుంచి వేరే మీటరు తెచ్చాను. తరువాత కుళాయిని అనుమానించాను. తరువాత కొత్త మేతను. ఇంట్లో అనుమానించడానికి ఇంకేదీ మిగలలేదు, అత్తయ్యగారు తప్ప. ఆ నీళ్ళలో ఎండుకొయ్యలు, ఆకులు వేసి కావాలని పులుపు ఉంచుతాను కదా. ఆ పులుపే రాయిని నెమ్మదిగా కరిగిస్తోంది. డోలమైట్, గీకితేగాని పొంగని సున్నపురాళ్ళ జాతి. ఇదిగో, పేరు రాశాను, ఆట గెలిచాను. పెద్దచేపలకు దానివల్ల ప్రాణహాని లేదు. తింటాయి, తిరుగుతాయి, రంగు కూడా తగ్గదు. గుడ్డు పైపొర మాత్రం ఆ గట్టినీళ్ళలో బిరుసెక్కుతుంది. పిల్ల తయారు కాదు. బయటినుంచి చూసేవారికి తొట్టిలో అంతా కులాసాగానే ఉన్నట్టుంటుంది.

తెలిసిన రోజున తీసేయవలసింది. తీయలేదు. రాయిని ఉంచి, నీళ్ళను సరిదిద్దడం మొదలుపెట్టాను. షాపులో శుద్ధిచేసిన మెత్తని నీళ్ళను డబ్బాల్లో పట్టి, సైకిలు వెనక కట్టి తెచ్చి, మెట్లెక్కి, రోజు విడిచి రోజు పాత నీళ్ళు తోడి కొత్తవి పోసేవాణ్ణి. నేను పోస్తాను, రాయి మళ్ళీ గట్టిపరుస్తుంది. అత్తయ్యగారు కొన్నాళ్ళు చూసి అన్నారు:

"మా అమ్మాయికి పెద్ద చదువులు చదివినవాణ్ణి చూశామనుకున్నాం. నీళ్ళు మోసేవాడు దొరికాడని ఇప్పుడు తెలిసింది."

"వ్యాయామం అండీ."

"నాకు చెప్పే వ్యాయామం నువ్వు చేస్తున్నావా? మంచిదే. నా వాటా కూడా కలుపుకో."

వసపిట్ట తనవంతు పరిశోధన తాను చేసింది. రాళ్ళు నీళ్ళలో కరుగుతాయని ఎప్పుడో నా నోట విని, నేను లేనప్పుడు చేయి పెట్టి ఆ రాయిని తీసి, వంటింటి త్రాసులో తూచి, మళ్ళీ వేసిందట. కొన్నాళ్ళకు మళ్ళీ తూచింది. "రవ్వంత కూడా తగ్గలేదు నాన్నా. నీ మీటరే అబద్ధమాడుతోంది," అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు నిజమైతే బాగుండునని నాకూ అనిపించింది.

గుడ్లు మూడోసారి పోయిన మరునాడు షాపుకు కుట్టుపని చేసే ఒకావిడ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. సీసాలో నీళ్ళు, సంచిలో ఒక పెద్ద పగడపు కొమ్మ. ఇంట్లో ఉన్నవి మెత్తనినీళ్ళ చేపలు. నేను చెప్పవలసింది చెప్పాను.

"తీయకుండా కుదిరే మార్గం చూడండి సార్," అంది ఆవిడ. "మా నాన్న ఓడలో పనిచేసేవాడు. ఆయన తెచ్చింది. ఇప్పుడాయన లేడు. మందేదైనా ఉంటే పోస్తాను."

"మందు పోస్తే ఇవాళ తగ్గుతుందమ్మా. రేపటికి ఇది మళ్ళీ పెంచుతుంది. మీరు పోస్తూనే ఉండాలి."

"పోస్తూనే ఉంటాను."

"ఆ ఎగుడుదిగుడు చేపలకు ఇంకా కష్టం. మీరు కష్టపడుతున్నారు గనుక వాటికి మేలు జరుగుతోందని మీకనిపిస్తుంది. వాటికి అనిపించదు."

ఆవిడ టేపు కొసను వేలికి చుట్టుకుంది. "మీ ఇంట్లో అయితే తీసేసేవారా?"

"తీసేసేవాణ్ణి."

"వెంటనే?"

"వెంటనే," అన్నాను.

"మీకేంలెండి. తెలిసినవాళ్ళు." పగడాన్ని సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "పోనీలెండి, అల్మరాలోనే పెడతాను. మా నాన్నకూ నీళ్ళు పడేవి కావు. ఓడెక్కిన ప్రతిసారీ వాంతులే," అని నవ్వి వెళ్ళింది.

ఆ రోజు డబ్బాలు నింపుకోకుండా ఇంటికి వచ్చాను. "ఇవాళ నీళ్ళేవయ్యా?" అన్నారు అత్తయ్యగారు. ఇక అక్కర్లేదన్నాను. చొక్కాచేయి పైకి మడిచి, రాయిని బయటికి తీశాను. నీళ్ళు కారుతున్న రాయిని పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాను. దాన్ని ఎక్కడ పెట్టాలో ముందుగా ఆలోచించలేదు.

"అమ్మ రాయి ఎందుకు తీశావు?" అంది వసపిట్ట.

"చేపలకు పడలేదమ్మా. గుడ్లు పాడైంది దీనివల్లే. కొత్త అని నీకు చెప్పింది నిజం కాదు."

"అమ్మకు కోపం వస్తుందా?"

"రాదు. రాళ్ళ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తీయలేదు?"

నేను తువ్వాలు వెతుక్కుంటున్నాను. జవాబు కుర్చీలోంచి వచ్చింది.

"మీ నాన్నకు బెంగే తల్లీ. మీ అమ్మమీద బెంగపెట్టుకుని రాయిని పట్టుకుని కూర్చున్నాడు."

"నాన్నలకు కూడా బెంగ ఉంటుందా అమ్మమ్మా?"

"ఎందుకుండదు? చెప్పడానికి నోరే ఉండదు వీళ్ళకు. ఇలా ఇవ్వవయ్యా దాన్ని," అని నా చేతిలోంచి అందుకుని, గాలికి ఎప్పుడూ కొట్టుకునే వరండా తలుపుకు అడ్డంగా పెట్టారు. తలుపు చప్పుడు ఆగింది. "ఇదిగో, దీనికి సరైన ఉద్యోగం దొరికింది."

అత్తయ్యగారు పిల్లకు చెప్పిన మాటను నేను నీకు ఎప్పుడో రాసి ఉండవలసింది. నీ ఇష్టం అని రాసినప్పుడల్లా అది ఔదార్యమనే అనుకున్నాను. ఈ ఉద్యోగపు కాగితం వచ్చిన రోజు నీ మొహం నాకు గుర్తుంది. పటం నేలమీద పరిచి, దానిమీద మోకాళ్ళమీద పాకుతూ, ఇదిగో ఇక్కడ ఎవరూ ఇంతవరకు రాయి కొట్టి చూడలేదు అని చూపించావు. ఆ మొహానికి అడ్డం రాకూడదనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది, అదీ దాచను. భార్యను అంతదూరం పంపి ఇల్లు చూసుకుంటున్నాడు, ఎంత నిబ్బరమో అని నలుగురూ అంటుంటే వినడానికి బాగుండేది. ఆ నిబ్బరం నిజమేనని నిన్నూ నమ్మించాను. నువ్వు అడిగిన ప్రతిసారీ నీకొక చక్కని, పొంగని జవాబు పంపాను. నువ్వు దాన్ని గీకి చూడాలనుకోలేదు. నీమీద తప్పేముంది, నేనూ గీకి చూడలేదుగా.

ఇప్పుడు గీకి చూస్తే కనిపించేది ఇది. మీటరులో అంకె చూసి దాన్ని పైకి చదవడం నా అలవాటు. నువ్వు ఏ గదిలో ఉన్నా, "అయితే?" అని అడిగేదానివి. నేను అర్థం చెప్పేవాణ్ణి, సగం వినేదానివి. ఇప్పుడూ పైకే చదువుతాను. అంకె గోడకు తగిలి ఆగిపోతుంది. బజారులో ఎవరైనా నీలా ఎడమకాలు కాస్త పక్కకు వేసి నడుస్తుంటే వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తాను. దూరంనుంచి నువ్వు కావని తెలిసీ చూస్తాను. ఇంటి పనులన్నీ సక్రమంగా జరుగుతున్నాయి. పిల్ల బడికి వేళకు వెళుతుంది, బిల్లులు వేళకు కడుతున్నాను, నీ మొక్కలకు నీళ్ళు అందుతున్నాయి. ఎవరైనా వచ్చి చూస్తే ఇక్కడ ఏ లోటూ కనబడదు. నేను ప్రతి ఉత్తరంలోనూ రాసింది ఆ చూపుకు కనిపించేదే.

నీ పనిని చిన్నచేసి మాట్లాడటం లేదు. అక్కడ నువ్వు మొదలుపెట్టినది సగంలో వదలడం ఎంత కష్టమో, పని తెలిసినవాణ్ణి గనుక తెలుసు. నువ్వు ఉండిపోతే అలగను. ఉత్తరాలు రాస్తాను, రాళ్ళు పంపితే గీకి మరీ పేరు కనిపెడతాను, టీచరుకు సర్దిచెబుతాను. కాని నువ్వు ఉండటం నా ఇష్టమనుకుని మాత్రం ఉండవద్దు. కాదు. ఏ రోజూ కాదు.

ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు అత్తయ్యగారు ఒక సలహా ఇచ్చారు. "తొందరేముందయ్యా? మొగుడూపెళ్ళాలు మళ్ళీ గుడ్లు పెట్టనీ. పిల్లలు పుట్టాక, ఆ కబురుతో కలిపి రమ్మని రాయి. ఆ చేపపిల్లలను చూడాలనైనా పరిగెత్తుకొస్తుంది." ఆవిడకు తన కూతురు సంగతి తెలుసు, మంచి ఉపాయమే. కాని అప్పటికి బండి వెళ్ళిపోతుంది. అదీగాక, ఇద్దరూ ఇంకా పలకవైపు కన్నెత్తి చూడటం లేదు. నీళ్ళు మెత్తబడుతున్నాయి, అంతవరకే చెప్పగలను. ఎప్పుడు పెడతాయో, అసలు పెడతాయో లేదో చెప్పలేను. నిన్ను రప్పించడానికి చూపించుకునేందుకు నా దగ్గర ఒక్క శుభవార్త కూడా లేదు.

ఉత్తినే అడుగుతున్నాను. సంతకం పెట్టకు. వచ్చెయ్.

ఇట్లు,
నీమీద బెంగపెట్టుకున్న
నీ ఆయన